ప్రామాణిక భోక్త

వానను కొలవడం రాష్ట్ర వర్షమాపక మండలి పని. కొలిచే డబ్బాలు ఊరూరా ఉంటాయి. మండలాఫీసు వెనకో, బడి ఆవరణలోనో చుట్టూ కంచె వేసి నిలబెట్టి ఉంటాయి. అవి సవ్యంగా ఉన్నాయో లేదో తిరిగి చూసి రావడం ఇన్‌స్పెక్టర్ల పని. ఇన్‌స్పెక్టర్లందరిలోకీ పరాంకుశం చూపు నిశితమైనదని పేరు. గరాటు గోరంత వంగినా, డబ్బాలో సాలీడు కాపురం పెట్టినా, కంచెకు ఎవరో గేదెను కట్టేసి విప్పుకుపోయినా గేటు దగ్గర నుంచే చెప్పేసేవాడు.

తిండి సంగతి వేరు. ఎక్కడ ఏం తిన్నాడో చెయ్యి కడుక్కునేసరికి మరిచిపోయేవాడు. రుచి తెలియక కాదు. ఆకలేస్తే తినేవాడు, బాగుంటే ఇంకాస్త తినేవాడు, కడుపు నిండితే లేచేవాడు. అంతటితో ఆ భోజనానికీ అతనికీ రుణం తీరిపోయేది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ అతని జీవితం టూర్లలోనే గడిచిపోయింది. భార్య కుసుమ విజయవాడ సత్యనారాయణపురంలో ఉండేది. మండలి హెడ్డాఫీసు ఆ ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం. అక్కడి రికార్డు గదిలో కుర్చీ ఒకటి ఖాళీ అయిందని తెలిసి పరాంకుశం దరఖాస్తు పెట్టుకున్నాడు.

"ఈసారీ రాకపోతే నేనేం చేస్తానో నాకే తెలీదు," అంది కుసుమ. "ఆదివారం పొద్దున వస్తారు, సోమవారం పొద్దున పోతారు. మొన్న మీకు మంచినీళ్ళిచ్చి 'ఇంటి దగ్గర అందరూ కులాసానా' అని అడిగాను. అడిగాక గానీ గుర్తు రాలేదు, మీ ఇల్లు ఇదేనని."

"ఈ ఏడు టూర్లు పూర్తి చేస్తే ఇస్తామన్నారు. ఇంకెంత, మార్చి దాటితే అయిపోయినట్టే," అన్నాడు పరాంకుశం.

సరిగ్గా అప్పుడే డైరెక్టర్ నీలాద్రిరావుగారు ఏదో కొండ మీద జరిగిన పాలనా వికాస సదస్సుకు వెళ్ళొచ్చారు. అక్కడ టై కట్టుకున్న ఒకాయన, ఉద్యోగికి చివరికి మిగిలేది పని కాదనీ అనుభవమనీ, ప్రయాణంలో అనుభవమంటే భోజనమేననీ తెరమీద బొమ్మలు వేసి చూపించాడట. తిరిగొచ్చిన మర్నాడే సర్కులర్ వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది క్షేత్రస్థాయి సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, అధికారిక పర్యటన యందు ప్రతి ఉద్యోగియు కనీసము ఒక మరపురాని భోజనము చేయవలెను. సదరు భోజనము మరపురానిది అగునో కాదో నిర్ధారించుటకై, ఒక నెల గడచిన పిమ్మట ఉద్యోగిని స్మృతి పరిశీలన సంఘము విచారించును. భోజనము గుర్తులేని పర్యటనను జరగని పర్యటనగా పరిగణించి, సదరు ఉద్యోగిని అదే స్థలమునకు మరల పంపుదురు."

"జీతమిచ్చి తినమంటున్నారు గురువుగారూ!" అన్నాడు తోటి ఇన్‌స్పెక్టర్ ఇమ్మానుయేలు, సర్కులర్ కళ్ళకద్దుకుని. "ఇలాంటి రోజు వస్తుందనే మా నాయన నన్ను డిగ్రీ దాకా చదివించాడు."

నెల తిరిగేసరికి పరాంకుశం సంఘం ముందు నిలబడ్డాడు. అధ్యక్షస్థానంలో నీలాద్రిరావుగారే ఉన్నారు.

"పాలకొండ పర్యటనలో ఏం భుజించారు?"

"అన్నమండీ."

"అన్నం సరే, దేనితో?"

"కూరతోనండీ."

"ఏ కూరతో?"

పరాంకుశం కళ్ళు మూసుకుని నిజాయితీగా ఆలోచించాడు. "వేడిగా ఉందండీ," అన్నాడు.

సభ్యులు మొహమొహాలు చూసుకున్నారు. "పోనీ, ఆ ఊళ్ళో మీకు గుర్తున్నదేమిటి?"

"డబ్బా మూత బిగుసుకుపోయిందండీ. కొబ్బరినూనె రాసి తీశాను. నీళ్ళు కొలిచే గాజు గొట్టానికి పైన చిన్న పగులుంది. కొత్తది కావాలని రాశాను. ఇంకా పంపలేదు."

"అది అప్రస్తుతం," అని రాసుకుని అతన్ని మళ్ళీ పాలకొండ పంపించారు.

వెళ్ళాడు. తిన్నాడు. మరిచిపోయి వచ్చాడు. ఇంకోసారి పంపించారు. మార్చి వచ్చింది, పోయింది, అతని టూర్లు మాత్రం లెక్కలో జరగనివిగానే ఉండిపోయాయి. ఇదివరకు ఆదివారమైనా వచ్చేవాడు. ఇప్పుడు అదీ లేదు.

"పాలకొండలో రెండో కాపురం గానీ పెట్టారా?" అని ఫోన్లో అడిగింది కుసుమ.

"పెడితే ఆవిడేం వండిందో గుర్తుండాలి కదే," అన్నాడు పరాంకుశం దిగులుగా.

ఇమ్మానుయేలుకు జాలేసింది. "మీకింత సత్యసంధత ఎందుకండీ? బొమ్మిడాయిల పులుసు అని చెప్పెయ్యండి. ఎవడు చూడొచ్చాడు?"

పరాంకుశం సరేనన్నాడు. సంఘం ముందు నిలబడి గట్టిగా, "బొమ్మిడాయిల పులుసండీ," అన్నాడు.

"శభాష్! ఎలా ఉంది?"

"అది నాకు తెలీదండీ. ఇమ్మానుయేలు చెప్పమన్నాడు."

ఈలోగా సర్కులర్ సంగతి హోటళ్ళకు తెలిసింది. సంఘం మెచ్చిన హోటలుకు ఇత్తడి పలక ఇస్తారు, మండలి సిబ్బంది అంతా అక్కడే తినాలి అని రెండో సర్కులర్ కూడా వచ్చింది. దాంతో హోటలు వాళ్ళు మొదట రుచి మీద పడ్డారు. నెయ్యి ధారగా పోశారు, అప్పడాలు అడక్కుండా వేశారు. లాభం లేకపోయింది. అన్ని చోట్లా నెయ్యి తిన్నవాడికి ఏ నెయ్యి ఎక్కడ తిన్నాడో తేలడం కష్టమయింది.

అసలు కిటుకు తుని దగ్గర వీర్రాజు అనే ఆయన హోటల్లో అనుకోకుండా బయటపడింది. వడ్డించేవాడు కాలు జారి బకెట్టు సాంబారు ఇమ్మానుయేలు ఒళ్ళో పోశాడు. నెల తర్వాత సంఘం అడిగినప్పుడు ఇమ్మానుయేలు హోటలు పేరు, వడ్డించినవాడి పేరు, వాడి తండ్రి పేరు, సాంబారులో ఏయే ముక్కలున్నాయి, అవి ఎక్కడెక్కడ తగిలాయి, అన్నీ తడుముకోకుండా చెప్పాడు. సభ్యులు ముగ్ధులైపోయారు. వీర్రాజుకు రాష్ట్రంలోకెల్లా మొదటి పలక ఇచ్చారు.

అది చూసి మిగతావాళ్ళకు కళ్ళు తెరుచుకున్నాయి. ఒకాయన పాయసంలో ఉప్పు వేశాడు. ఒకాయన ముద్ద నోటి దగ్గరికి వెళ్ళేసరికి లైట్లు ఆర్పించేవాడు. ఇంకొకాయన ఎదురుగా కుర్చీ వేసుకుని, తన అన్నదమ్ములు తనకు చేసిన అన్యాయం ఏడుస్తూ చెప్పేవాడు, మజ్జిగ దాకా. చోడవరం రోడ్డులో ఒక హోటలు వాళ్ళు ఏ కష్టమూ పడకుండా, తినేవాళ్ళ చెప్పులు మాత్రం దాచేసేవారు. వాళ్ళకూ పలక వచ్చింది.

"మన సిబ్బంది స్మృతిశక్తి ఆశించిన లక్ష్యాలను అధిగమించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను," అన్నారు నీలాద్రిరావుగారు సర్వసభ్య సమావేశంలో. సిబ్బందిలో సగం మంది కడుపు నొప్పితో సెలవులో ఉండటం వల్ల చప్పట్లు పలచగా పడ్డాయి.

ఆయన తెలివైనవారే. కాసేపాగి కనుబొమలు ముడిచారు. "కానీ ఒక సాంకేతిక లోపం నా దృష్టికి వచ్చింది. అందరికీ అన్నీ గుర్తుంటున్నాయంటే పరికరాల సున్నితత్వం మితిమీరిందన్నమాట. మంచు కురిసినా వాన అని చూపించే డబ్బాను మనం నమ్ముతామా? నమ్మం. హెడ్డాఫీసులో ఉన్న ప్రామాణిక వర్షమాపకంతో పోల్చి సరిచేస్తాం. భోజన విషయంలోనూ మనకొక ప్రామాణిక పరికరం కావాలి. అల్ప విషయాలకు చలించకూడదు. దానికి గుర్తుంటేనే అది మరపురాని భోజనం!"

హాల్లో ఉన్న తలలన్నీ ఒక్కొక్కటిగా పరాంకుశం వైపు తిరిగాయి.

"మిస్టర్ పరాంకుశం, ఇందాక విరామంలో మనమంతా ఏం తిన్నాం?"

"తిన్నామాండీ?" అన్నాడు పరాంకుశం, మూతికి అంటిన సమోసా పొడి తుడుచుకుంటూ.

ఆ సాయంత్రమే ఉత్తర్వులు వచ్చాయి. ప్రామాణిక భోక్తగా అతన్ని నియమించారు. ఇచ్చిన పలకలన్నీ అతను తిని చూసేదాకా నిలిపివేశారు. పరాంకుశం జీపులో రాష్ట్రమంతా తిరిగాడు. వీర్రాజు హోటల్లో ఆనవాయితీ ప్రకారం సాంబారు పోస్తే, లేచి దులుపుకుని, "కాస్త మజ్జిగ వెయ్యి బాబూ," అన్నాడు. నెల తర్వాత అడిగితే, "తునిలో డబ్బా పక్కన చింతకొమ్మ అడ్డొస్తోందండీ, కొట్టించాలి," అన్నాడు. ఒక్క హోటలూ నిలబడలేదు. పలకలన్నీ ఊడబీకి తెచ్చారు. ఆ ఏడు వాన ఎంత పడిందో మండలికి తెలియదు. డబ్బాల దగ్గరికి వెళ్ళే తీరిక ఎవరికీ లేదు. పడటం మాత్రం పడింది.

ఇక పరికరాలకు నియమాలుంటాయి కదా. ప్రామాణిక పరికరాన్ని వాడకం లేనప్పుడు బాహ్య ప్రభావాలు తగలకుండా తాళం వేసిన గదిలో ఉంచాలి. పరాంకుశాన్ని హెడ్డాఫీసు వెనక అతిథి గదిలో ఉంచారు. కిటికీలోంచి చూస్తే సత్యనారాయణపురం మేడల మీద ఆరేసిన బట్టలు కనిపించేవి. వాటిలో తన లుంగీ ఏదన్నా ఉందేమోనని వెతుక్కునేవాడు.

కుసుమ క్యారియర్ పట్టుకుని వచ్చింది. గుమ్మంలో అటెండర్ సింహాచలం లేచి నిలబడి దండం పెట్టాడు గానీ పక్కకు జరగలేదు.

"లోపల పరికరం ఉందమ్మా. బయటి పదార్థం తగలకూడదు."

"పరికరమేంటయ్యా? ఆయన నా మొగుడు."

"అది ఇంటి దగ్గరమ్మా. ఇక్కడ స్టాకులో ఎక్కించారు. ఇంటి వంట తగిలితే కొలతలో సున్నా పక్కకు జరిగిపోద్దంట."

"ఇన్నేళ్ళూ నా వంట తినలేదా?"

"ఇన్నేళ్ళూ మనిషిగా తిన్నారమ్మా," అన్నాడు సింహాచలం గౌరవంగా.

కుసుమ చుట్టూ తిరిగి కిటికీ దగ్గరకు వెళ్ళింది. ఊచల అవతల పరాంకుశం గడ్డం పెరిగి కనిపించాడు.

"రికార్డు గదిలో కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందట," అన్నాడు అతను ముందుగా.

"దాని సంగతి తర్వాత. మిమ్మల్నెప్పుడు వదులుతారు?"

"అడిగాను. పరికరం అరిగిపోయేదాకా అన్నారు."

బయట ఇంకో ఇబ్బంది ముదిరింది. టూర్లో ఉన్న ఉద్యోగి పలక ఉన్న చోటే తినాలని రూలు. రాష్ట్రంలో ఒక్క చోటా పలక లేదు. మొదట్లో సిబ్బంది అరటిపండ్లతో నెట్టుకొచ్చారు. తర్వాత అరటిపండు భోజనమా కాదా అన్న దాని మీద వివరణ కోరితే, కాదని చెప్పలేకా అవునని చెప్పలేకా మండలి దాన్నీ ఆపేసింది. ఇమ్మానుయేలు చిక్కిపోయి పెళ్ళినాటి చొక్కా వేసుకు తిరుగుతున్నాడు. యూనియన్ వాళ్ళు వచ్చి టేబుల్ మీద గుద్దారు. ఒక్క పలకైనా ఎక్కడో ఒకచోట పెట్టక తప్పని పరిస్థితి వచ్చింది.

"దీనికింత ఆలోచన ఎందుకు?" అన్నారు నీలాద్రిరావుగారు. "మా హైమావతి చేతి వంట తిన్నవాడు మరిచిపోవడమంటూ ఉండదు. పరికరాన్ని మా ఇంటికి తరలించండి."

పరాంకుశాన్ని జీపులో రెండు దిళ్ళ మధ్య నిటారుగా కూర్చోబెట్టి తీసుకువెళ్ళారు. హైమావతిగారు తెల్లవారకముందే లేచి వండారు. అరిటాకు కొస నుంచి మొదలు దాకా నిండింది. పరాంకుశం తృప్తిగా తిన్నాడు. మారు అడిగి వేయించుకున్నాడు. లేచి నమస్కారం పెట్టి దిళ్ళ మధ్యకు వెళ్ళి కూర్చున్నాడు. అవసరం దృష్ట్యా గడువును నెల నుంచి వారానికి తగ్గించారు.

"ఏం పెట్టారు?" అంది కుసుమ కిటికీ దగ్గర.

"బాగా పెట్టారు."

"బాగా సరే, ఏం?"

పరాంకుశం చాలాసేపు ఆలోచించాడు. "ఆకులో పెట్టారు," అన్నాడు.

డైరెక్టర్ గారి భార్య వంట గుర్తులేదంటే ఇక కుర్చీ మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమూ ఉండదు. కుసుమ ఆ సర్కులర్లన్నీ ఒకసారి ఇవ్వమంది. కిటికీ అరుగు మీద కూర్చుని, కిరాణా కొట్టువాడి చీటీ చూసినట్టు ఒక్కో మాటా చూసింది. ఒకచోట ఆగి రెండోసారి చదివింది. చాలా రోజుల తర్వాత ఆవిడ మొహంలో నవ్వు కనిపించింది.

"గుర్తుందని చెప్పండి," అంది.

"గుర్తు లేదే!"

"గుర్తు చేసే పూచీ నాది."

అటునుంచటే హైమావతిగారింటికి వెళ్ళింది. మా ఆయనకు భోజనం పెట్టారట, కృతజ్ఞత చెప్పిపోదామని వచ్చానంది. హైమావతిగారు ఆప్యాయంగా కూర్చోబెట్టారు గానీ ఉక్రోషం దాచుకోలేకపోయారు.

"అంత వండితే మీ ఆయన ఒక్క మాట అనలేదమ్మా! మా ఆయనా అంతేననుకో. తింటారు, పేపరు పట్టుకుంటారు. బాగుందనరు, బాలేదనరు."

"ఏమేం చేశారు వదినగారూ?" అంది కుసుమ.

ఆ ప్రశ్న హైమావతిగారిని ఎన్నాళ్ళుగానో ఎవరూ అడగలేదు. పనసపొట్టు కూరలో ఆవ ఎంత పెట్టారో దగ్గర్నుంచి పూర్ణాల్లో ఏలకులు ఎప్పుడు వేశారో దాకా చెప్పారు. కుసుమ తలూపుతూ అంతా వింది.

మర్నాటి నుంచి కిటికీ దగ్గర పాఠం మొదలైంది.

"పనసపొట్టు కూర తర్వాత?"

"ముక్కల పులుసు."

"కాదు, కందిపచ్చడి. ఎన్నిసార్లు చెప్పాలండీ!"

ఎంతకీ నిలవడం లేదు. చివరికి పరాంకుశమే ఒక దారి వెతుక్కున్నాడు. ఒక్కో వంటకాన్నీ ఒక్కో ఊరి డబ్బాతో ముడిపెట్టుకున్నాడు. చింతకొమ్మ అడ్డొచ్చిన తుని డబ్బా పక్కన పనసపొట్టు కూర, గొట్టం పగిలిన పాలకొండ డబ్బా మీద కందిపచ్చడి. అలా పెట్టుకునేసరికి ఒక్కటీ జారిపోలేదు.

"కానీ కుసుమా, ఇది అబద్ధం కాదూ?"

"మీరు తిన్నారా లేదా?"

"తిన్నాను."

"ఇప్పుడు గుర్తుందా లేదా?"

"ఉంది."

"మరి అబద్ధం ఎక్కడుంది?"

పరాంకుశానికి అది ఎక్కడా కనిపించలేదు.

విచారణ రోజున అతను చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, రాష్ట్రమంతా ఒక చుట్టు తిరిగినట్టు వంటకాలన్నీ వరసగా అప్పజెప్పాడు. ఒక్కచోట మాత్రం తడబడి, "కందిపచ్చడికి పైన చిన్న పగులుందండీ," అన్నాడు. "ఎంత సూక్ష్మ పరిశీలన!" అని సభ్యులు రాసుకున్నారు. నీలాద్రిరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ సాయంత్రమే ఆయన గేటుకు ఇత్తడి పలక బిగించారు.

మర్నాడు మధ్యాహ్నం ఇమ్మానుయేలు ఆ గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. వెనక ఇంకో పాతికమంది. కుసుమ రెండుసార్లు చదివిన చోట స్పష్టంగానే ఉంది: పర్యటనలోని సిబ్బంది పలక ఉన్న చోటనే భుజించవలెను, సదరు స్థలమువారు వారిలో ఎవ్వరికినీ భోజనము నిరాకరించరాదు. ఇచ్ఛాపురం వెళ్ళినవాడు భోజనానికి విజయవాడ రావలసిందే. కుప్పం వెళ్ళినవాడూ రావలసిందే. తిని, బస్సెక్కి, డబ్బా చూడకుండానే రాత్రి భోజనానికి మళ్ళీ వెనక్కి బయల్దేరవలసిందే.

మొదటి రోజు హైమావతిగారు మురిసిపోయారు. తిన్న ప్రతివాడూ వంటకాలను పేరుపేరునా మెచ్చుకున్నాడు. రెండో రోజు సాయానికి మనిషిని పెట్టుకున్నారు. వారాంతానికి వరండా నిండి, పందిరి నిండి, వరస వీధి మలుపు దాకా పోయింది. నీలాద్రిరావుగారు ఆఫీసు నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"హైమా, నాకు వడ్డించు."

హైమావతిగారు గరిటె పట్టుకునే వెనక్కి తిరిగారు. "మీరు టూర్లో ఉన్నారా?"

"నేనా? ఇది నా ఇల్లు!"

"ఇది ధ్రువీకృత భోజనశాల. టూర్లో ఉన్నవాళ్ళకే చాలడం లేదు. సర్కులర్ నేను రాశానా?"

డైరెక్టర్ గారు వెనక్కి వెళ్ళి, ఆఫీసు నుంచి ఇంటికి తనకు తానే పర్యటన మంజూరు చేసుకుని, వరస చివర నిలబడ్డారు. ఇమ్మానుయేలు మర్యాదకు పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆయన వంతు వచ్చేసరికి గిన్నె అడుగు గీకుతున్నారు.

"తిన్నాక మిమ్మల్నీ అడుగుతారుగా," అన్నారు హైమావతిగారు ఆకు వేస్తూ. "ఇప్పుడే అడుగుతాను, చెప్పండి. వీళ్ళంతా రాకముందు, ఈ ఇంట్లో ఇన్నేళ్ళు నా చేత్తో వండి పెట్టాను. ఒక్క రోజు, ఏదో ఒక్క రోజు, ఏం తిన్నారో చెప్పండి."

నీలాద్రిరావుగారు పైకప్పు వైపు చూశారు.

"అన్నం," అన్నారు చివరికి.

"దేనితో?" అన్నారు హైమావతిగారు.

ఆ రోజు సాయంత్రం మండలి మరో సర్కులర్ జారీ చేసింది. "ఇకమీదట పర్యటనలోని ఉద్యోగులు ఆకలి వేసినప్పుడు తమకు దొరికినది తినవలెను. సదరు భోజనమును గుర్తుంచుకొనుటయు, మరచుటయు వారి వారి ఇష్టము." గేటు పలకను హైమావతిగారు స్వయంగా పీకి మజ్జిగ కుండ మీద మూతగా పెట్టుకున్నారు.

మిగిలింది పరాంకుశం. పథకం లేనప్పుడు పరికరం ఎందుకు? పైగా ఒక్క ఇంట్లో అంత గుర్తుపెట్టుకున్న పరికరానికి ప్రామాణికత పోయినట్టేనని సాంకేతిక విభాగం అభిప్రాయపడింది. అలా పోయినవాటి గురించి పాత నియమం ఒకటి ఉంది. పనికిరాని పరికరాలను హెడ్డాఫీసు రికార్డు గదిలో భద్రపరచవలెను.

సింహాచలం తాళం తీసి, పరాంకుశం చొక్కా గుండీకి రద్దు చీటీ కట్టి, నడిపించుకుంటూ రికార్డు గదికి తీసుకెళ్ళాడు. ర్యాకులన్నీ నిండిపోయి ఉన్నాయి. ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూసి, ఖాళీగా కనిపించిన కుర్చీ దుమ్ము దులిపి అందులో కూర్చోబెట్టాడు.

ఆ సాయంత్రం పరాంకుశం ఇంటికి నడిచి వచ్చాడు. కుసుమ పీట వేసి వడ్డించింది. అతను తలెత్తకుండా తిన్నాడు. మారు వేయించుకున్నాడు. వేళ్ళకు అంటిన పులుసు కూడా వదల్లేదు.

"ఎలా ఉంది?" అంది కుసుమ.

"ఏది?" అన్నాడు పరాంకుశం.

కుసుమ గరిటె పైకెత్తింది. ఎత్తిన గరిటెను ఒక్క క్షణం అలాగే ఉంచి, దాంతోనే ఇంకాస్త పులుసు పోసింది.

"ఏం లేదు. తినండి."